కోచ్‌ను మార్చినా ఫుట్‌బాల్ టీమ్ ఎందుకు మారడం లేదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మూడు సీజన్లలో నలుగురు కోచ్‌లు మారారు. ఎవరొచ్చినా మొదటి నెల బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదటికే. ఇప్పుడు పట్టికలో కింది నుంచి నాలుగో స్థానం. స్టాండ్స్‌లో సగం మంది కోచ్‌ను తిడుతున్నారు, సగం మంది ఓనర్‌ను. అసలు తప్పెవరిదో బయట కూర్చున్నవాడికి తెలిసే దారి ఉందా? వచ్చే ఏడాదికి సీజన్ టికెట్ తీసుకోవాలా వద్దా?"

దారి ఉంది. నేను కోచింగ్ లైసెన్సు తీసుకుని కొన్నాళ్లు కుర్రాళ్ల జట్లను చూశాను. తర్వాత ఒక ప్రొఫెషనల్ క్లబ్‌లో ఏడేళ్లు వీడియో అనాలిసిస్ చేశాను. ఆ ఏడేళ్లలో ఐదుగురు హెడ్ కోచ్‌లు వచ్చి వెళ్లారు, నా కుర్చీ మాత్రం అక్కడే ఉంది. (క్లబ్ పేరు అడగొద్దు.) అక్కడ నేను నేర్చుకున్నది ఒక్కటే: కోచ్ వెళ్లిపోయాక కూడా ఏ తప్పు మిగిలి ఉందో, అది కోచ్‌ది కాదు. మీ నలుగురు కోచ్‌లనూ ఈ గీటురాయి మీద గీసి చూడండి.

ముందు ఆ "మొదటి నెల" సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ మోసపోయేది అక్కడే. కోచ్‌ను ఎప్పుడు తీసేస్తారు? వరసగా ఐదారు మ్యాచ్‌లు పోయాక. అంత ఘోరమైన వరసలో చేతకానితనం కొంత ఉంటుంది, దురదృష్టమూ కొంత ఉంటుంది. రెండు షాట్లు బార్‌కు తగిలి వెనక్కొస్తాయి, గోల్‌కీపర్ చేతిలోంచి బంతి ఒకసారి జారుతుంది, ఒకేసారి ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు (డిఫెన్స్ మధ్యలో ఆడేవాళ్లు) గాయాలతో కూర్చుంటారు. ఇవి ఎల్లకాలం ఉండవు, వాటంతటవే సర్దుకుంటాయి. సరిగ్గా అప్పుడే కొత్త కోచ్ వస్తాడు. జ్వరం దిగే వేళకు తాయెత్తు కట్టినట్టు, పేరు ఆయనకొస్తుంది. నెదర్లాండ్స్ టాప్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా సీజన్లు తీసుకుని ఒక ఆర్థికవేత్త ఇదే లెక్క తీశాడు. కోచ్‌ను మార్చిన క్లబ్‌లను, అంతే ఘోరంగా ఆడినా మార్చకుండా ఊరుకున్న క్లబ్‌లతో పోల్చాడు. మార్చడం వల్ల ఒరిగిందేమీ కనిపించలేదు. ఊరుకున్నవాళ్లూ కోలుకున్నారు.

దీనికి కళ్లెదుట ఉన్న ఉదాహరణ 2014–15 సీజన్ జర్మన్ క్లబ్ బొరుసియా డార్ట్‌మండ్. 2015 ఫిబ్రవరిలో సొంత మైదానంలో ఆగ్స్‌బర్గ్ చేతిలో 1–0తో ఓడి పట్టికలో అట్టడుగునే ఉండిపోయింది. ప్రేక్షకులు ఈలలు వేసి గేలి చేశారు. గోల్‌కీపర్ వైడెన్‌ఫెల్లర్, డిఫెండర్ హుమెల్స్ ఇద్దరూ స్టాండ్ ముందున్న కంచె దగ్గరికి వెళ్లి అభిమానులతో మాట్లాడాల్సి వచ్చింది. కోచ్ యుర్గెన్ క్లాప్. ఆయన్ని తీసేయలేదు. సీజన్ ముగిసేసరికి టీమ్ 7వ స్థానంలో ఉంది. ఆట మరీ అంత చెడలేదు, బంతే గోల్‌లోకి వెళ్లలేదంతే.

అది దురదృష్టమా చేతకానితనమా అని మనకెలా తెలుస్తుంది? ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, ఎక్స్‌జీ అంటారే, ఆ లెక్క చూడండి. ప్రతి షాట్‌కూ దూరాన్ని, కోణాన్ని బట్టి గోలయ్యే అవకాశం ఎంతో ఒక అంకె ఇస్తారు. పెనాల్టీకి 0.75 కంటే కాస్త ఎక్కువ, పెనాల్టీ ఏరియా బయటి నుంచి కొట్టే షాట్‌కు చాలావరకు 0.05 లోపే. ఒక్క మ్యాచ్ ఎక్స్‌జీ పట్టుకుని వాదించేవాళ్లను పట్టించుకోకండి. పది మ్యాచ్‌లు కలిపి చూడండి. మనం సృష్టించినది, ప్రత్యర్థికి ఇచ్చినది దాదాపు సమానంగా ఉండి కూడా ఓడుతుంటే కోచ్‌కు ఇంకొంత సమయం ఇవ్వొచ్చు. పది మ్యాచ్‌లుగా మనం ఎదుటివాళ్లలో సగం కూడా సృష్టించలేకపోతుంటే "అదృష్టం కలిసిరాలేదు" అన్న ప్రెస్‌మీట్ మాటలు నమ్మనక్కర్లేదు. అది ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతే.

ఇక నిజంగా కోచ్ తప్పు ఎలా ఉంటుందో చెబుతాను. అంతా ఓనర్ మీదికే తోసేస్తున్నానని అనుకోకండి. పనికిరాని కోచ్‌లను నేను దగ్గర్నుంచి చూశాను.

స్టేడియంలో కూర్చున్నప్పుడు గోల్ పడగానే బంతి మీంచి చూపు తీసేయండి. మన ఆటగాళ్లు తర్వాతి పది సెకన్లు ఏం చేస్తారో చూడండి. తల దించుకోవడం మామూలే. ఒకరిని చూసి ఒకరు చేతులు చాపి "నువ్వు కదా రావాల్సింది" అన్నట్టు సైగలు చేసుకుంటున్నారంటే, ఆ పరిస్థితిలో ఎవరు ఎక్కడుండాలో వాళ్లకెవరూ చెప్పలేదన్నమాట. చెప్పి ఉంటే తప్పు చేసినవాడికి తన తప్పు తెలుస్తుంది, చెయ్యెత్తి ఒప్పుకుంటాడు.

నేను పనిచేసిన చోట ఒక గోల్ నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. 78వ నిమిషం, 1–1. ప్రత్యర్థికి కార్నర్ (మైదానం మూల నుంచి కొట్టే కిక్) వచ్చింది. సరిగ్గా ఆ కార్నర్‌కు ముందు మా కోచ్ ఒక సెంటర్‌బ్యాక్‌ను దింపాడు. టచ్‌లైన్ దగ్గర అసిస్టెంట్ కోచ్ ప్లాస్టిక్ కవర్‌లోని కాగితం తిప్పుతూ, ఆ కుర్రాడు ఎవరిని మార్క్ చేయాలో వేలితో చూపించాడు. ఆ కాగితం ముందు వారం మ్యాచ్‌ది. కుర్రాడు పరుగెత్తుకెళ్లి ఆ నంబర్ కోసం వెతికితే ఆ నంబర్‌వాడు మైదానంలోనే లేడు. కెప్టెన్‌ను అడిగాడు. కెప్టెన్ భుజాలెగరేశాడు. ఈలోగా బంతి గాల్లోకి లేచింది. సోమవారం పొద్దున ఆ ఫ్రేమ్‌ను ఆపి తెర మీద చూపించాల్సింది నేనే: మా వాళ్లు ముగ్గురు ఒకరినొకరు వేలెత్తి చూపిస్తున్నారు, వాళ్ల స్ట్రైకర్ ఒంటరిగా గాల్లో ఉన్నాడు.

పొరపాటున కాగితం మారిందనే అనుకుందాం. కానీ అసలు సంగతి అది కాదు. శుక్రవారం ప్రాక్టీసులో చివరి పదిహేను నిమిషాలు సెట్‌పీస్‌లకు, అంటే కార్నర్లు, ఫ్రీకిక్‌ల లాంటివాటికి, కేటాయించి ఉండేవి. ఆ కోచ్ ఎప్పుడూ తన ఇష్టమైన పాసింగ్ డ్రిల్‌తో సమయం దాటించేసి ఆ పదిహేను నిమిషాలనూ తినేసేవాడు. ఆ సీజన్లో కార్నర్ వచ్చిందంటే చాలు, బెంచ్ మీద మా గుండెలు జారిపోయేవి. ఆయన వెళ్లిపోయాక వచ్చినవాడు చేసిందల్లా ఆ పదిహేను నిమిషాలు తిరిగి ఇవ్వడమే. అదే ఆటగాళ్లతో కార్నర్ల బెడద నెల తిరక్కుండా తగ్గింది. కోచ్‌తో పాటే పోయిన తప్పు, కాబట్టి అది కోచ్ తప్పే.

ఇలాంటివే మరికొన్ని: ఆధిక్యంలో ఉన్నప్పుడు ప్రతిసారీ 70వ నిమిషం నుంచి టీమ్ మొత్తం సొంత పెనాల్టీ ఏరియాలో కూలబడడం. ప్రెసింగ్‌కు (ఎదుటివాళ్ల మీద పడి బంతి లాక్కోవడానికి) ఒక్కడే పరుగెత్తి, మిగతా తొమ్మిది మంది చూస్తూ నిలబడడం. ప్రత్యర్థి వింగర్ ఒకే ట్రిక్‌తో నాలుగుసార్లు మన ఫుల్‌బ్యాక్‌ను (పక్కన ఆడే డిఫెండర్‌ను) దాటినా బెంచ్ నుంచి కదలిక లేకపోవడం. వీటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, వారానికి నాలుగు రోజుల మంచి ప్రాక్టీస్ చాలు.

మేనేజ్‌మెంట్ తప్పులు ఇలా మైదానంలో కనిపించవు. ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లను కొనడానికి, అమ్మడానికి ఇచ్చే గడువు) నుంచి ట్రాన్స్‌ఫర్ విండోకు పేరుకుంటూ పోతాయి. అందుకే మన కోపం వాటిదాకా వెళ్లదు. ఓనర్ మొహం ఏడాదికి రెండుసార్లు కనిపిస్తే ఎక్కువ. కోచ్ మొహం వారానికి రెండుసార్లు, అదీ ఓడిన మ్యాచ్ తర్వాత మైక్ ముందు. అత్త మీద కోపం దుత్త మీద పడుతుంది.

2022 సెప్టెంబర్‌లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఇంగ్లిష్ క్లబ్ చెల్సీ తన కోచ్ తోమాస్ టుకెల్‌ను తీసేసి ఇంకో ఇంగ్లిష్ క్లబ్ బ్రైటన్ నుంచి గ్రాహం పాటర్‌ను తెచ్చుకుంది. ఆ ఒక్క సీజన్లో రెండు విండోల్లో కలిపి ఆటగాళ్ల మీద 50 కోట్ల పౌండ్లకు పైగా పోసింది. పాటర్ ఏడు నెలలు నిండకముందే పోయాడు. సీజన్ ముగిసేసరికి చెల్సీ 44 పాయింట్లతో 12వ స్థానం. మరి కోచ్‌ను పోగొట్టుకున్న బ్రైటన్? రాబర్టో డి జెర్బీని తెచ్చుకుని 62 పాయింట్లతో 6వ స్థానం. ఆ క్లబ్ చరిత్రలో అంత పైన ఎప్పుడూ ముగించలేదు. అదే మనిషి ఒకచోట మేధావి, నెలల తేడాతో ఇంకోచోట అసమర్థుడు అయిపోయాడు. నన్నడిగితే మారింది పాటర్ కాదు, ఆయన చుట్టూ ఉన్న క్లబ్. బ్రైటన్‌కు ఎలాంటి ఆట కావాలో తెలుసు. ఆ ఆటకు సరిపోయే ఆటగాళ్లను, ఆ ఆటగాళ్లకు సరిపోయే కోచ్‌ను వెతుక్కుంటుంది. కోచ్ వెళ్లిపోతే ఆ మనిషి స్థానమే ఖాళీ అవుతుంది కానీ పద్ధతి పోదు.

దీనికి ఎదురుగా నేను కళ్లారా చూసింది చెబుతాను. మా రెండో కోచ్, గోల్‌కు వీపు పెట్టి బంతిని ఆపి పక్కవాడికి అందించగల స్ట్రైకర్ కావాలని రాతపూర్వకంగా అడిగాడు. ముగ్గురి పేర్లు ఇచ్చి వీడియోలు కట్ చేయమంటే నేను రెండు రాత్రులు కూర్చుని చేశాను. విండో చివరి రోజు వచ్చినవాడు ఆ ముగ్గురిలో ఎవడూ కాదు. డిఫెన్స్ వెనక ఖాళీలోకి పరుగెత్తే వేగం తప్ప వీపు పెట్టి ఆడడం రానివాడు. అంతకుముందు వచ్చిన ఇద్దరికీ, ఇతనికీ ఏజెంట్ ఒకడే. ఆటగాడు జెర్సీ పట్టుకుని దిగిన ఫొటో ఫోన్‌లో చూసేదాకా కోచ్‌కు తెలియదు. నవంబర్‌లో కోచ్ ఉద్యోగం పోయింది. మూడో కోచ్ వచ్చి అచ్చం అలాంటి స్ట్రైకరే కావాలన్నాడు. నేను పాత ఫోల్డర్ పేరులో తేదీ మార్చి పంపాను. నాలుగో కోచ్ వచ్చినప్పుడు కూడా తేదీ మార్చే పంపాను.

"పనికిరాని ఆటగాళ్లను అమ్మి పారేయొచ్చు కదా" అని మీలాంటివాళ్లు చాలామంది అడుగుతారు. అమ్మలేకపోవడానికి లెక్కల పుస్తకమే కారణం. ఒక ఆటగాడిని 6 కోట్ల పౌండ్లకు ఐదేళ్ల కాంట్రాక్టుతో కొన్నారనుకోండి. ఆ ఖర్చు పుస్తకాల్లో ఏడాదికి 1.2 కోట్ల చొప్పున పడుతుంది. రెండేళ్లకు అతని పుస్తక విలువ ఇంకా 3.6 కోట్లు. అప్పటికి అతను బెంచ్ మీద కూర్చుంటున్నాడు, బయట 2 కోట్లు కూడా ఇచ్చేవాడు లేడు. అమ్మితే 1.6 కోట్లకు పైగా నష్టం ఆ ఏడాదే చూపించాలి. అమ్మకపోతే జీతం ఇస్తూ కూర్చోవాలి. పైగా ఇక్కడ వచ్చే జీతం ఇంకెక్కడా రాదని ఆటగాడికీ తెలుసు, కాబట్టి అతనూ కదలడు. రెండేళ్ల కిందట ఎవరో తీసుకున్న నిర్ణయానికి ఇప్పటి కోచ్ శిక్ష అనుభవిస్తాడు.

నష్టాలు హద్దు దాటితే ఏమవుతుందో ఎవర్టన్ చూపించింది. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ అప్పటి నిబంధన ప్రకారం మూడేళ్లకు కలిపి నష్టం గరిష్ఠంగా 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు. దాటినందుకు 2023 నవంబర్‌లో ఆ క్లబ్‌కు 10 పాయింట్లు కోసేశారు. అప్పీల్‌లో అది 6కు తగ్గింది, 2024 ఏప్రిల్‌లో ఇంకో కేసులో మరో 2 పోయాయి. కోచ్ షాన్ డైచ్ టీమ్ మైదానంలో 48 పాయింట్లు సంపాదిస్తే పట్టికలో మిగిలింది 40. ఆ 8 పాయింట్ల గురించి ఏ ఫుల్‌బ్యాక్‌ను తిడతాం?

ఇంకో సంగతి. దీర్ఘకాలంలో జీతాల బడ్జెట్టే పట్టికలో స్థానాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. పిండి కొద్దీ రొట్టె. కాబట్టి మీ టీమ్ జీతాల్లో లీగ్‌లో ఎన్నో స్థానంలో ఉందో వెతికి చూడండి. జీతాల్లో 16వ స్థానంలో ఉండి ఆటలో 16వ స్థానంలో ఉంటే, మీ కోపం ఆశల వల్ల వచ్చిందే కానీ ఎవరి తప్పు వల్లా కాదు. జీతాల్లో 8వ స్థానంలో ఉండి ఆటలో 17వ స్థానంలో ఉంటే ఎవరో ఒకరు డబ్బు తగలేస్తున్నట్టే. లెస్టర్ సిటీ 2016లో చాంపియన్ అయినప్పుడు ఈ లెక్కను తలకిందులు చేసింది. 2023లో అదే క్లబ్ తన స్థాయికి మించిన జీతాలు ఇస్తూ 18వ స్థానంతో కింది డివిజన్‌కు పడిపోయింది. ఒకే క్లబ్ ఏడేళ్లలో రెండు వైపులా చూపించింది.

ఓపిక పట్టమనేవాళ్లు వెంటనే మాంచెస్టర్ యునైటెడ్ కోచ్‌గా చేసిన అలెక్స్ ఫెర్గూసన్ పేరెత్తుతారు. 1986 నవంబర్‌లో వచ్చాడు, 1989 డిసెంబర్‌లో ఆయన్ని వెళ్లిపొమ్మంటూ స్టాండ్‌లో బ్యానర్ కట్టారు, 1990లో ఎఫ్‌ఏ కప్, 1993లో లీగ్. కథ నిజమే కానీ, ఓపిక పట్టినా బాగుపడని కోచ్‌ల కథలు ఎవరూ చెప్పుకోరు కాబట్టి అది రుజువు కాదు. నాకు ఆర్సెనల్ ఉదాహరణ ఎక్కువ నచ్చుతుంది. కోచ్ అర్తెతా కింద వరసగా రెండు సీజన్లు 8వ స్థానం, 2021–22లో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి పట్టికలో చివర. అయినా ఉంచారు. కానీ ఊరికే ఉంచలేదు. ఖరీదైన పాత ఆటగాళ్లను వదిలించుకుని, ఆయన ఆటకు తగ్గ కుర్రాళ్లను కొన్నారు. 2022–23లో రెండో స్థానం. మీ ఓనర్ "ఓపిక పట్టండి" అంటే, దాంతో పాటు ఏం చేస్తున్నాడని అడగండి.

హాంబర్గ్ దీనికి పూర్తిగా ఎదురు. జర్మనీ టాప్ లీగ్ బుండెస్‌లిగా మొదలైన 1963 నుంచి 2018 దాకా ఒక్కసారీ కిందపడని క్లబ్. టాప్ లీగ్‌లో ఎంతకాలంగా ఉన్నారో చూపించే గడియారం ఏకంగా స్టేడియంలోనే పెట్టుకున్నారు. 2017–18లో ముగ్గురు కోచ్‌లు పనిచేశారు, మధ్యలో వచ్చినవాడు రెండు నెలలు కూడా లేడు. ఆ సీజన్ చివర కిందికి పడ్డారు. తిరిగి పైకి రావడానికి 2025 దాకా పట్టింది.

కష్టాల్లో ఉన్న క్లబ్‌లు వేసే ఇంకో ఎత్తుంది: పాత హీరోను కోచ్‌గా తేవడం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే. పాటర్ పోయాక చెల్సీ తాత్కాలికంగా ఫ్రాంక్ లాంపార్డ్‌ను తెచ్చింది. స్టాండ్స్ కొన్నాళ్లు నోరు మూసుకుంటాయి, ఓనర్‌కు కావాల్సిందీ అదే. ఫలితాలు మారలేదు.

ఇక అభిమానులుగా మనం ఏం చేయగలం? విమానానికి బ్యానర్ కట్టి ఎగరేయడం చూడ్డానికి బాగుంటుంది. 2014 మార్చిలో డేవిడ్ మోయెస్‌ను తీసేయమని మాంచెస్టర్ యునైటెడ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్ మీద అలా ఎగరేస్తే, ఆ రోజే ఆయన టీమ్ ఆస్టన్ విల్లా మీద 4–1తో గెలిచి కూర్చుంది. సోషల్ మీడియాలో ఆటగాడి కుటుంబాన్ని తిట్టడం గురించి నేను మాట్లాడను, అది నిరసన కాదు.

ఒకే డిమాండ్, ఒకే రోజు, అందరూ కలిసి చేస్తే పని జరుగుతుంది. 2016 ఫిబ్రవరిలో టికెట్ ధర 77 పౌండ్లు చేస్తామన్నందుకు లివర్‌పూల్ అభిమానులు 77వ నిమిషంలో వేల సంఖ్యలో లేచి వెళ్లిపోయారు. అప్పటికి 2–0 ఆధిక్యంలో ఉన్న మ్యాచ్ 2–2 అయింది. కొద్ది రోజుల్లోనే ఓనర్లు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. జర్మనీలో లీగ్ ప్రసార వ్యాపారంలో వాటా బయటి పెట్టుబడిదారుకు అమ్ముతామంటే, అభిమానులు వారం వారం మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపేశారు. 2024 ఫిబ్రవరిలో ఆ ఒప్పందాన్ని విరమించుకున్నారు. రెండింట్లోనూ అడిగింది ఏమిటో చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. "మేనేజ్‌మెంట్ దిగిపోవాలి" అనేది అలాంటి డిమాండ్ కాదు. ఓనర్ క్లబ్‌ను అమ్మితే తప్ప దిగడు, కొనేవాడు ఎలాంటివాడో మీకు తెలియదు. మీ క్లబ్ విషయంలో నేనైతే మూడు ప్రశ్నలు పట్టుకుంటాను: ఆటగాళ్లను ఎంపిక చేసేది ఎవరు, గత మూడేళ్లలో కొన్నవాళ్లలో ఇప్పటికీ ఆడుతున్నవాళ్లెందరు, కొత్త కోచ్‌ను ఏ లక్షణాలు చూసి తెచ్చారు. అభిమానుల సంఘం తరఫున వీటిని రాసి పంపండి, జవాబు వచ్చినా రాకపోయినా అందరికీ చూపించండి. జవాబు రాకపోతే స్పాన్సర్‌కు రాయండి. పెద్ద లీగ్‌ల్లో టికెట్ల ఆదాయం టీవీ డబ్బుతో పోలిస్తే చిన్నది, కాబట్టి ఖాళీ కుర్చీల కన్నా స్పాన్సర్ నుంచి వచ్చే ఫోన్‌కే ఓనర్ ఎక్కువ ఉలిక్కిపడతాడు. కింది డివిజన్లలో లెక్క తిరగబడుతుంది, అక్కడ ఖాళీ కుర్చీయే జీతాలు ఆపేస్తుంది.

మీ సీజన్ టికెట్ సంగతి. గడువు చివరి రోజు దాకా ఆగండి. ఈలోగా మీ నలుగురు కోచ్‌ల హయాంలో పడిన గోల్స్ వీడియోలు దొరుకుతాయి కదా, ఒక్కొక్కరివి ఓ పది చూడండి. నలుగురి కాలంలోనూ అదే ఎడమ పక్క నుంచి, అదే ఖాళీలోంచి గోల్స్ పడుతుంటే ఆ ఖాళీని పూడ్చడానికి ఈ విండోలో ఎవరినైనా కొన్నారేమో చూడండి. కొంటే టికెట్ తీసుకోండి. ఐదో కోచ్ కోసం వెతుకుతున్నామని ప్రకటన వస్తే, ఆ డబ్బుతో విడివిడిగా నచ్చిన మ్యాచ్‌లకు వెళ్లండి. నేను నాలుగేళ్లుగా అదే చేస్తున్నాను.